ఏడో మలుపు

నాలుగూ నలభైకి బస్సు కదులుతుంది.
లాస్ ఆండెస్ ఊరు ఇంకా దుప్పట్లోనే ఉంటుంది.
హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని
నలభై రెండు మెడలు అప్పుడే వాలిపోతాయి.
నా చెవుల్లో మాత్రం
శుభ్రంగా తల దువ్వుకుని కూర్చున్నట్టుండే ఓ ఆడగొంతు
నా పేరేంటని అడుగుతుంది.

యాగ్ హేతెర్ నిబాల్దో.
ఇరవై మూడు రోజులుగా చెబుతూనే ఉన్నాను.
ఆమెకి గుర్తుండదు.

జూన్లో నన్ను పంపుతున్నారు,
స్వీడన్లో బాగా ఉత్తరాన ఉన్న ఒక గనికి, ఆరు వారాలు.
మా కొత్త డ్రిల్లు పుట్టిల్లు అదే.
దాని జబ్బులు దాని తల్లిభాషలోనే చదవాలట.
ఇంగ్లీషు చాలదా అంటే
"నీకది వచ్చా?" అన్నాడు మేనేజరు.
నిజమే.

ఒకటి అనడానికి వాళ్లకి రెండు మాటలు.
రాయికి ఎన్, ఇంటికి ఎత్.
గనికి ఎన్, రొట్టెకి ఎత్.
ఎందుకని అడక్కు, బట్టీ పట్టు, అంటుంది గొంతు.
మా అమ్మమ్మ ప్రార్థనలు నేర్పిందీ ఇలాగే.

మలుపులు మొదలయ్యాక అంకెలు,
కొండ మెలిక తిరిగినప్పుడల్లా ఒకటి:
ఎత్, త్వో, త్రే, ఫీరా, ఫెమ్.
ఆరు దగ్గర, నిద్ర నటిస్తున్న వెనక సీటు కుర్రాడు
కిసుక్కుమంటాడు.
ఏడు దగ్గర నేను ఆగిపోతాను.

వాళ్ల ఏడు అక్షరం కాదు, గాలి.
షూ అంటే కాదంటుంది, హూ అంటే కాదంటుంది,
ఖూ అంటే గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని
డ్రైవరు అద్దంలోంచి చూస్తాడు.
బస్సు తిరుగుతుంది, ఎనిమిదో మలుపు, తొమ్మిదో మలుపు.
నా నోరే తిరగదు.

పక్క సీటు ఎర్మీందాది. క్యాంటీన్లో రొట్టెలు చేస్తుంది.
నాలుగేళ్లుగా భుజం భుజం తగులుతూ కూర్చుంటున్నాం.
మా మధ్య జరిగిన మాటలన్నీ కలిపితే
"కిటికీ వేస్తావా?"

నిన్న ఏడో మలుపులో, కళ్లు తెరవకుండానే అంది:
"వేడి టీ ఊదినట్టు. పెదాలు ముందుకి.
నాలుక సంగతి మర్చిపో."
తనే ఊది చూపించింది.
ఏడు, కిటికీ అద్దం మీద
ఒక క్షణం తెల్లగా నిలిచింది.

నేనేమీ అడగలేదు.
ఆ ఏళ్ల గురించి మా బస్సులో
ఎవరూ ఎవర్నీ అడగరు.
కోటు గుండీ తిప్పుకుంటూ తనే చెప్పింది.
నాన్న కోసం సైనికులు వచ్చిపోయిన వారానికి
అమ్మా తనూ ఒక పెట్టే. అప్పుడు నాలుగేళ్లు.
ఉమేయోలో పదకొండేళ్లు.
తిరిగొచ్చాక బడిలో మంచుపిల్లా అని ఏడిపిస్తే
ఒక్క వేసవిలో ఆ భాషంతా మింగేసింది.
"అరగలేదు మరి," అంది.

ఎడమ చెవి ఇయర్‌ఫోను తీసి ఇచ్చాను.
దుప్పి పాలు తాగుతోంది, అంది గొంతు.
"పదకొండేళ్లలో
ఒక్క దుప్పి కూడా మా ఇంటికి పాలకి రాలేదు," అని
ఎర్మీందా నవ్వింది. ఆమెకి ఒక పన్ను లేదని
నాకు అప్పుడే తెలిసింది.

ఇంకా పైకి, గాలి పలచబడే చోట:
"ఇంకోటుంది. నీ పాఠాల్లో ఉండదు.
ఆ ఉత్తరాదివాళ్లు చాలాసార్లు అవును అని పలకరు.
చప్పున ఊపిరి లోపలికి లాగుతారు. ఇలా.
అంతే. భయపడి డాక్టర్ని పిలవకు."

ప్రయత్నించాను.
మొదటిసారికే వచ్చింది.
పద్దెనిమిదేళ్లుగా ఈ ఎత్తులో చేస్తున్న పనేగా.

అప్పుడు విన్నాను.
బస్సంతా నిద్రలో, గాలి చాలక,
ఒకరి తర్వాత ఒకరు లోపలికి లాగుతున్నారు.
అవును, అంటున్నాడు వెల్డర్ పోన్సియానో.
అవును, వెనక సీటు కుర్రాడు.
నోరు తెరుచుకుని, మెడ వేలాడేసుకుని,
దేన్ని ఒప్పుకుంటున్నారో వాళ్లకే తెలీదు.

గేటు దగ్గర దిగుతూ అడిగాను,
అక్కణ్ణుంచి ఏమైనా తేనా అని.
ఏమీ వద్దంది.
రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి:
"యాలకులు. పొడి కాదు, గింజలు.
వాళ్లు రొట్టెలో వేసేవి. ఇక్కడి కొట్టువాళ్లకి
ఎంత చెప్పినా అర్థం కాదు."

నేను ఊపిరి లోపలికి లాగాను.